ఎంగిలి బురద

నాకు ఓపిక తక్కువ. మైక్రోవేవ్‌లో అన్నం పెట్టి, అది కూత పెట్టేలోపే తలుపు లాగేస్తాను. లిఫ్ట్ బటన్ వెలుగుతూ ఉన్నా మళ్ళీ నొక్కుతాను. చిన్నప్పుడు ఎవరైనా "నిదానమే ప్రధానం" అంటే చాలు, "ఆలస్యం అమృతం విషం" అని ఎదురు తగిలించేదాన్ని. "దీని కాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారు" అనేది మా అమ్మ. అలాంటి నేను ప్రపంచంలోకెల్లా నిదానంగా జరిగే పని గురించి చదవడానికి టెక్సస్ వచ్చాను. లోతైన సముద్రం అడుగున సన్నటి బురద ఎలా పేరుకుంటుందన్నది నా మాస్టర్స్ విషయం. నడిసముద్రంలో వెయ్యేళ్ళు ఆగితే గోరు మందం బురద పడుతుంది, అదీ అన్నీ కలిసొస్తే.

మా యూనివర్సిటీలో తెలుగువాళ్ళకి కొదవలేదు. అందరూ కంప్యూటర్ సైన్సో, డేటా సైన్సో. హన్మకొండ నుంచి వచ్చిన మా రూమ్మేట్ కూడా అంతే. ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే అది నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటుంది.

"ఇగో, ఇది మా రూమ్మేట్. బురద చదువుతది. జోక్ కాదు, నిజంగనే."

ఒకసారి టెక్సస్‌లోనే కాపెల్ అనే ఊళ్ళో ఉండే మా పిన్ని కూతురి ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళాను. పేపర్ ప్లేటు పట్టుకుని ఒక ఆంటీ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏ టెక్నాలజీ మీద చేస్తున్నావమ్మా?"

"బురద మీదండీ. మడ్."

"మడ్డా? కొత్త టూలా? మావాడు ఎప్పుడూ చెప్పలేదే!"

"టూల్ కాదండీ. సముద్రం అడుగున ఉండే బురద."

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూశారు. "పోన్లే, సైడ్‌లో జావా కూడా నేర్చుకో. చదువయ్యాక ఓపీటీ మీద ఉద్యోగం వెతికేటప్పుడు పనికొస్తుంది" అని తన ప్లేటులోంచి ముట్టుకోని గారె ఒకటి తీసి నాకు వేశారు. జాలితో వేసినా గారె గారే కదా అని తిన్నాను.

అమ్మకి చెప్పడం ఇంకా కష్టమైంది. "అసలు ఆ బురద అక్కడికి ఎలా వస్తుందే?" అని ఫోన్‌లో అడిగింది. అడిగింది కదా అని మొదలుపెట్టాను. నదులు తెచ్చే మట్టి చాలావరకు ఒడ్డుకి దగ్గర్లోనే దిగిపోతుంది. నడిసముద్రం దాకా వెళ్ళేది గాలిలో తేలేంత సన్నటి దుమ్ము. ఎక్కడో ఎడారిలో లేచి, వేల మైళ్ళు ఎగిరి, నీళ్ళ మీద పడుతుంది. దానికి తోడు అగ్నిపర్వతాల బూడిద, ఆకాశం నుంచి రాలే ఉల్కల పొడి, చేపల పళ్ళు, కంటికి కనపడని జీవాల గుల్లలు. ఆ రేణువులు ఒంటరిగా మునగాలంటే అడుగు చేరడానికి ఏళ్ళు పడుతుంది. కానీ పైన తిరిగే రొయ్యపిల్లల్లాంటి చిన్న చిన్న జీవాలు ఆ దుమ్మునీ గుల్లల్నీ కలిపి మింగేస్తాయి. మింగినవి ఉండలుగా చుట్టి వదులుతాయి. ఆ ఉండలు బరువు కాబట్టి వారాల్లో కిందికి దిగుతాయి.

అమ్మ అంతా విని ఒక్క మాటలో తేల్చేసింది.

"అంటే రొయ్యల దొడ్డి గురించి చదువుతున్నావన్నమాట."

"అమ్మా!"

"మరి అడిగినవాళ్ళకి ఏం చెప్పమంటావే? అమెరికాలో ఎమ్మెస్ అని వీధి వీధంతా చెప్పుకున్నాను."

"ఓషనోగ్రఫీ అని చెప్పు."

"అది బావుంది. దొడ్డి సంగతి మనలో మనం ఉంచుకుందాం."

ఆ రోజు నవ్వుకున్నాను గానీ, నిజానికి నాకు ఆ బురదంటే పిచ్చి ఇష్టం. ఎందుకని అడిగితే చెప్పలేను. తొందరపడితే అది వినదు, అందుకేనేమో. నా జన్మలో నేను తొందరపెట్టలేకపోయింది అదొక్కటే.

పైనుంచి రాలే గుల్లలు అన్నిచోట్లా నిలవవు. అవి సున్నంతో అయినవి. సముద్రంలో లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు చల్లబడి, సోడాలో ఉండే గ్యాసునే పట్టుకుని, పులుపెక్కుతాయి. ఒక లోతు దాటాక గుల్లలు నిమ్మరసంలో వేసిన గుడ్డు పెంకుల్లాగా కరిగిపోతాయి. మేం ఆ లోతుని గీత అంటాం. గీతకి పైన ఉన్న నేల మీద తెల్లటి బురద ఉంటుంది. గీత కింద కరగకుండా మిగిలిన గోధుమరంగు బంకమన్ను తప్ప ఇంకేమీ ఉండదు.

ఓడ మీంచి పసిఫిక్ అడుగుకి పొడవాటి గొట్టం దింపి, దాంట్లోకి ఎక్కిన బురదని స్తంభంలా పైకి లాగి, నిలువునా రెండుగా చీల్చి మా యూనివర్సిటీ కోల్డ్ రూంలో దాచిపెడతారు. అలాంటి స్తంభం ఒకటి నాకిచ్చారు. దానికి కింది భాగం తెలుపు, పై భాగం గోధుమరంగు. నా థీసిస్ చెప్పేది ఇదీ: ఆ చోటు ఒకప్పుడు గీతకి పైన ఉండేది, నేల మెల్లమెల్లగా కుంగి గీత కిందికి దిగింది, దిగిన తర్వాత అక్కడ ఒక్క గుల్ల కూడా మిగల్లేదు. రెండేళ్ళు కోల్డ్ రూంలో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని చేసిన పనంతా ఆ "ఒక్క గుల్ల కూడా" అన్న మాట మీద నిలబడి ఉంది.

ఆ వేసవిలో మా ప్రొఫెసర్ హవాయీ నుంచి బయల్దేరే ఓడలో కొత్త బురద తేవడానికి వెళ్తున్నారు. స్టూడెంట్స్‌కి ఒక్క బంక్, అంటే ఒక్కరు పడుకునే చోటు ఉంది. "నీ డిఫెన్స్ అయిపోతే ఆ బంక్ నీది. లేదంటే తర్వాతి స్టూడెంట్‌కి ఇస్తాను" అన్నారు. డిఫెన్స్ అంటే పరీక్షకుల ముందు థీసిస్‌ని నిలబెట్టుకోవడం. ఇన్నాళ్ళూ నేను చూసింది ఊరగాయలా దాచిపెట్టిన బురద. సముద్రంలోంచి అప్పుడే పైకొచ్చిన బురదని ఎప్పుడూ చూడలేదు. నాకు ఆ ఓడ కావాలి. అంతగా ఇంకేదీ అడగలేదు నేను జీవితాన్ని, వీసా కూడా.

ప్రొఫెసర్ గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి, ఆరడుగుల పైన పొడుగు, చీపురులాంటి తెల్ల మీసం. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక ప్రొఫెసర్ అనే అంటాను. బంకమన్ను విషయంలో ఆయనకి తెలియంది లేదు. గుల్లలు మాత్రం ఆయన సబ్జెక్టు కాదు.

మొదటి రోజే నాకొక విద్య నేర్పారు. చిన్న స్టీలు గరిటెతో చిటికెడు బురద తీసి, ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని కొరికారు. బురదలో ఇసుక పొడి కాస్త ఉన్నా పళ్ళకి గరగరమని తగులుతుంది. అసలైన బంకమన్నయితే వెన్నలా ఉంటుంది. మిషన్లు ఎన్నున్నా, మొదటి పరీక్ష పళ్ళతోనే అన్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత అదే గరిటె మళ్ళీ బురదలో ముంచి నా వైపు చాపారు.

"ఇప్పుడు నువ్వు."

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"భయపడకు. ఇది చాలా శుభ్రమైన బురద" అన్నారాయన.

అయ్యో రామా, బురదకి ఎవరు భయపడ్డారు! బురద తింటాను, దానికేం. ఎంగిలి గరిటెతో ఎలా తింటాను? పైగా ఆ గరిటె మళ్ళీ బురదలో పెట్టారు, అంటే ఇప్పుడు బురదంతా ఎంగిలే. ఈ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. "జెర్మ్స్" అన్నాను. "ఈ బురదలో జెర్మ్స్ దాదాపు ఉండవు" అన్నారు నవ్వుతూ. సంగతి జెర్మ్స్ కాదు మహానుభావా అని మనసులో అనుకుని, మర్నాడు నా గరిటె నేను తెచ్చుకున్నాను. కలిసిపోకుండా దానికి ఎర్ర దారం కట్టాను. మా ఇంట్లో పులుసు రుచి చూడాలంటే గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకుతాం, గరిటె నోటికి తగలనివ్వం. నేను బురదని కూడా అలాగే అరచేతిలో వేసుకుని, అక్కణ్ణుంచి పళ్ళకి రాసుకునేదాన్ని. ఆయన దాన్ని ఇండియాలో నేర్పే ఏదో ప్రత్యేకమైన పద్ధతి అనుకున్నారు. నేనూ కాదనలేదు.

డిఫెన్స్ దగ్గర పడుతుండగా అమ్మ సున్నుండలు పంపింది. కాపెల్‌కి ఎవరో వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి, అక్కణ్ణుంచి మా పిన్ని కూతురి ద్వారా రెండు డబ్బాలు నాకు చేరాయి. మర్యాదకి ఒక డబ్బా ప్రొఫెసర్‌కి ఇచ్చాను. ల్యాబ్‌లోకి తిండి తీసుకెళ్ళకూడదని తలుపు మీద పెద్ద బోర్డు ఉంది. బోర్డు పెట్టింది ఆయనే. అందుకని డబ్బా ఎదురుగా ఉన్న తన ఆఫీసులో టేబుల్ మీద పెట్టుకున్నారు.

"ఇందులో ఏముంది?" అని అడిగారు మొదటిది నోట్లో వేసుకుని.

"వేయించిన మినప్పప్పు పిండి, పంచదార, నెయ్యి."

వింటూనే రెండోది తీశారు. ఆ రోజు నుంచి ఆయన మీసం మీద ఎప్పుడు చూసినా మినప్పిండి.

డిఫెన్స్‌కి ముందు ఆయనకో అలవాటుంది. స్టూడెంట్ చేసిన పనిలోంచి తనకి తోచిన నాలుగైదు శాంపిళ్ళు తీసుకుని, స్వయంగా స్లైడ్లు చేసి చూస్తారు. చేయడం సులువే. ఆవగింజంత బురదని గాజు మీద పెట్టి, నీటి చుక్కతో పల్చగా పులిమి, ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టడమే. మైక్రోస్కోప్‌లో రెండు ప్రత్యేకమైన అద్దాలు ఉంటాయి. వాటిని తిప్పితే అంతా చీకటైపోతుంది. ఆ చీకట్లో సున్నపు గుల్లలు ఉంటే మాత్రం తెల్లగా మెరుస్తాయి, ఒక్కోదాని మీద నల్లటి ప్లస్ గుర్తుతో. నా గోధుమ బురదలో ఆ మెరుపు ఉండకూడదు.

ఆ రోజు ల్యాబ్‌లోంచి ఆయన కేక వినపడింది. పరిగెత్తాను.

"చూడు! చూడు!"

కన్ను పెట్టి చూశాను. చీకట్లో అక్కడక్కడా తెల్లగా, గుండ్రంగా మెరుస్తున్నాయి. ఒక్కోదాని మీద నల్లటి ప్లస్ గుర్తు.

"గుల్లలు! గీత కింద!" ఆయన చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకుంటున్నారు. "ఎంత పెద్దవో చూశావా? ఇంత పెద్దవి నేనెప్పుడూ చూడలేదు. ఇది చాలా ఇంపార్టెంట్!"

ఆయనకి ఇంపార్టెంట్. నాకు కొంప మునగడం. అదే శాంపిల్‌లో ఆయన ముట్టని అంచు నుంచి నా గరిటెతో తీసి, అక్కడే, ఆయన ముందే నేనొక స్లైడ్ చేశాను. ఏమీ లేదు. చీకటి, బంకమన్ను మసక, అంతే. ఆయన ఇంకోటి చేశారు. ఆయనదాంట్లో మళ్ళీ మెరుపులు. నేను ఇంకోటి చేశాను. మళ్ళీ చీకటి.

ఆయన నా స్లైడ్ చూశారు, తనది చూశారు, తర్వాత నన్ను చూశారు. చాలా మెల్లగా అన్నారు, "బహుశా నీ చెయ్యి తొందరపడుతోంది. సరిగ్గా పులమకపోతే గుల్లలు దొరకవు. పాత స్లైడ్లలో కూడా ఇలాగే తప్పిపోయి ఉంటాయి. అన్నీ మళ్ళీ చెయ్యాలి."

అన్నీ అంటే రెండేళ్ళ స్లైడ్లు. డిఫెన్స్ వేసవి దాటి ఫాల్ సెమిస్టర్‌కి వెళ్తుంది. ఓడ నేను లేకుండానే వెళ్తుంది. ఇదంతా ఒక ఎత్తు, "నీ చెయ్యి తొందరపడుతోంది" అన్నమాట ఒక ఎత్తు. జీవితంలో నేను తొందరపడని పని ఒక్కటే ఉంది. ఆ ఒక్క పనిలో ఆ మాట అన్నారు. ఒళ్ళు భగ్గుమంది.

"ఒక్క చుక్క యాసిడ్ వేసి చూద్దాం ప్రొఫెసర్. గుల్లలైతే కరిగిపోతాయి, తేలిపోతుంది" అన్నాను పళ్ళు బిగించి.

యాసిడ్ అనగానే ఎవరో పసిబిడ్డని ఎండలో పడుకోబెట్టమన్నట్టు చూశారు. అప్పటికే ఆ రెండు స్లైడ్లకీ పైన పల్చటి గాజు అంటించేశారు. "వీటిని ఎవరూ ముట్టుకోవద్దు. గుల్లల ఎక్స్‌పర్ట్ నా ఫ్రెండ్ ఒకావిడ ఉన్నారు, ఆవిడకి పంపిస్తాను" అన్నారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను ఇంకేదో అనేలోపే ఆఫీసులోకి వెళ్ళి ఆవిడకి ఈమెయిల్ కొట్టేశారు, ఇంకో సున్నుండ నోట్లో వేసుకుని.

సాయంత్రం ఇంటికెళ్ళి పుస్తకాల బ్యాగ్ సోఫా మీదికి విసిరాను. మా రూమ్మేట్ వంటింట్లో పప్పు వండుతోంది. నా మొహం చూసి పలకరించే ధైర్యం కూడా చేయలేదు. నేను జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను, మధ్యలో ఆయన్నీ, ఆయన మీసాన్నీ, పసిఫిక్ మహాసముద్రాన్నీ తిడుతూ.

"గంతగనం ఎందుకే పరేషాన్? రెండేండ్లది పోతే ఇంకో రెండేండ్లు చెయ్. నీ బురదకు ఏమన్న అర్జెంటా? మన ఫ్రిజ్ మీద దుమ్ము చూడు, నీ సముద్రం కంటే మస్తు ఫాస్ట్" అంటూ అది గరిటెడు పప్పు తీసి ఊదుకుని, గరిటెతోనే నోట్లో పెట్టుకుని, ఉప్పు చాలలేదని తల ఊపి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి తిప్పింది.

అసలే మండుతున్నాను. నా నోరు లేచింది. "నీకెన్నిసార్లు చెప్పాలే? ఎంగిలి గరిటె మళ్ళీ గిన్నెలో పెడతావా? నోట్లో ఉన్నదంతా పప్పులో..."

అక్కడే ఆగిపోయాను.

మా రూమ్మేట్ గరిటె పట్టుకుని నిలబడి చూసింది. "ఏందే, సగం తిట్టి ఆపినవ్? మిగతాది ఎవ్వరు తిడ్తరు?"

నోట్లో ఉన్నదంతా పప్పులోకి. నోట్లో ఉన్నదంతా బురదలోకి! ఆఫీసులో సున్నుండ తింటారు. ల్యాబ్‌లోకొచ్చి గరిటెతో బురద కొరుకుతారు. అదే గరిటెతో స్లైడ్ చేస్తారు. మినప్పిండి!

నేను మా రూమ్మేట్‌ని పట్టుకుని గట్టిగా ముద్దు పెట్టుకున్నాను. మిగిలిన డబ్బాలోంచి ఒక సున్నుండ తీసి టిష్యూలో చుట్టుకుని చెప్పులు వేసుకున్నాను.

"ఎటు పోతున్నవే? పప్పు?"

"ఆ ఎంగిలి పప్పు నువ్వే తిను, నా తల్లీ!"

టెక్సస్ వేసవి కాబట్టి ఇంకా ఎండ ఉంది. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాను. తిండి లోపలికి తీసుకెళ్ళకూడదు కదా, అందుకని ల్యాబ్ బయట వరండాలో నేల మీద కూర్చుని, సున్నుండ పొడి చిటికెడు గాజు మీద పులిమి, చేతులు కడుక్కుని, స్లైడ్ మాత్రం లోపలికి పట్టుకెళ్ళాను. అద్దాలు తిప్పాను. చీకట్లో దీపావళి! ఎటు చూసినా తెల్లటి గుండ్రాలు, ఒక్కోదాని మీద నల్లటి ప్లస్ గుర్తు. పిండి రేణువులకి కూడా ఆ గుర్తు ఉంటుందని ఎప్పుడో క్లాసులో చెప్పే ఉంటారు. చెప్పిన రోజు నేను లిఫ్ట్ బటన్ నొక్కుతూ ఉండుంటాను. ఒక్కదాన్నే కూర్చుని పడి పడి నవ్వాను.

నవ్వు తగ్గాక భయం పట్టుకుంది. గురువుగారితో "మీ నోటి ఎంగిలి వల్ల" అని ఎలా చెప్పాలి? చెప్తే ఆయనకి తలవంపులు, పైగా ఆ ఎక్స్‌పర్ట్ ఆవిడకి అప్పటికే రాసేశారు. కోపమొచ్చి బంక్ ఇవ్వకపోతే? చెప్పకపోతే బంక్ ఎలాగూ రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా చెప్పకుండా ఉండగలిగే నోరా ఇది?

మర్నాడు పొద్దున ఆయన ఆఫీసులోంచి వచ్చేదాకా ల్యాబ్‌లో కాచుకుని కూర్చున్నాను. మీసం మీద పిండి ఉంది, మంచిదే.

"ప్రొఫెసర్, నాకు మీ పద్ధతి చూసి నేర్చుకోవాలని ఉంది. ఇంకొక్క స్లైడ్ నా ముందు చేస్తారా?"

సంతోషంగా ఒప్పుకున్నారు. గరిటెతో బురద తీశారు, పళ్ళ మధ్య కొరికారు, కళ్ళు మూసుకుని ఆనందించారు, అదే గరిటెతో ఇంకాస్త తీసి గాజు మీద పులిమారు. మైక్రోస్కోప్‌లో పెడితే మెరుపులున్నాయి. పైగాజు అంటించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి తెచ్చిన అయోడిన్ సీసా తెరిచి, ఆయన వద్దనేలోపే ఒక చుక్క వేసేశాను. చిన్నప్పుడు స్కూల్లో అన్నం మెతుకు మీద వేసి చూపించే అయోడినే. పిండి తగిలితే నల్లటి నీలం అవుతుంది, సున్నం తగిలితే ఏమీ కాదు.

"ఇప్పుడు చూడండి."

ఆయన వంగి చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. తెల్లటి గుండ్రాలన్నీ నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయని నాకు చూడకుండానే తెలుసు.

"ఇది పిండి" అన్నారు చివరికి. "పసిఫిక్ అడుగున పిండి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నేను ఆయన మీసం వైపు వేలు చూపించాను.

ఆయన మీసం తడుముకున్నారు. వేలి మీద పడిన పొడి చూసుకున్నారు. తర్వాత గాజు తలుపులోంచి ఎదురుగా టేబుల్ మీదున్న డబ్బా చూశారు. తర్వాత చేతిలో గరిటె. అప్పుడు నేను ఎంగిలి గురించి చెప్పాను, ఈసారి జెర్మ్స్ అనకుండా. నోటికి తగిలింది మళ్ళీ అందరిదాంట్లో పెట్టకూడదు అని, మా ఇళ్ళలో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు అని, నా గరిటెకి ఎర్ర దారం అందుకే అని. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. అయిపోయింది నా పని అనుకున్నాను. అంతలో ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. కుర్చీ పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని నా స్లైడ్ల పెట్టె ముందుకి లాక్కున్నారు. "ఇవి శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. నేను తలూపాను. "ఎప్పుడూ శుభ్రంగానే ఉన్నాయి. తొందరపడింది నీ చెయ్యి కాదు, నేను. నీ మీద అనుమానపడ్డాను. ఐ యామ్ సారీ" అన్నారు. అప్పుడు నవ్వడం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, సిగ్గు లేకుండా, బోర్డు కింద నిలబడి.

ఎక్స్‌పర్ట్ ఆవిడకి ఆయనే ఉన్నదున్నట్టు రాశారు. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారట, ఆ స్వీట్లు ఇంకా మిగిలున్నాయా అని. మర్నాటికి ల్యాబ్ తలుపు మీద పాత బోర్డు కింద ఇంకో కాగితం అంటించి ఉంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఎంగిలి అని రాసి, దాని మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి ఉంది. మా రూమ్మేట్ దాని ఫోటో తీసుకుని హన్మకొండలో వాళ్ళందరికీ పంపింది.

డిఫెన్స్ అయింది, బంక్ వచ్చింది. అమ్మకి చెప్తే ఓడ గురించి విని భయపడి, ఆ తర్వాత సున్నుండల కథ విని నవ్వలేక చచ్చింది. "మీ మాస్టారికి ఈసారి నెయ్యి ఎక్కువేసి పంపిస్తాను, పొడి రాలకుండా" అంది. మొదటి రెండు డబ్బాలూ ఎప్పుడో ఖాళీ అయ్యాయి. కొత్త డబ్బా వచ్చింది. మొదటి బురద పైకొచ్చిన రోజు ఆయనకిద్దామని మూత కూడా తీయకుండా నా బ్యాగులో అడుగున పెట్టుకుని ఓడెక్కాను.

గొట్టం అడుక్కి దిగడానికి గంటలు పడుతుంది, పైకి రావడానికి మళ్ళీ గంటలు. నేను డెక్ మీద ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగి తిరిగి, కేబుల్ చుట్టే అతను "మేడమ్, మీరు నడిస్తే ఇది త్వరగా రాదు" అనేదాకా తెచ్చుకున్నాను. చివరికి వచ్చింది. గొట్టంలోంచి బురద స్తంభాన్ని బయటికి తీసి, చీల్చి, బల్ల మీద పెట్టారు. గోధుమరంగు, నున్నగా, తడి తడిగా. చెయ్యి పెడితే ఐసులా చల్లగా ఉంది. కిందున్న చల్లదనం ఇంకా దాన్ని వదల్లేదు. దాని పైపొరలో చిటికెడు బురద రాలేసరికి ఎన్ని తరాలు పుట్టి పోయాయో. దాని ముందు నిలబడి మొదటిసారి నేను దేనికీ తొందరపడలేదు.

అందరూ మూగారు. ఇలాంటప్పుడు మొదట కొరికేది ఎప్పుడూ ప్రొఫెసరే. ఆయన మాట విన్నాకే ఓడ సిబ్బందిలో ఒక అమ్మాయి దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన కొత్త గరిటె తీసి నా చేతిలో పెట్టారు. దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"నువ్వు చెప్పు" అన్నారు.

అరచేతిలో కాస్త వేసుకుని పళ్ళకి రాసుకున్నాను. వెన్న. ఎక్కడా గరగర లేదు. ఉప్పగా, చల్లగా కరిగినట్టయింది.

"బంకమన్ను. ఇసుక లేదు, గుల్లల్లేవు" అన్నాను.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి నేనన్న మాట అన్నట్టే చెప్పారు. ఆమె ఎక్కించేసింది. ఆయన కూడా ఒకసారి కొరికి చూస్తారని గరిటె పట్టుకుని ఆగాను.

"మీరు చూడరా ప్రొఫెసర్?"

ఆయన రెండు చేతులూ పైకెత్తేశారు. "వద్దు వద్దు. నేనిప్పుడే సున్నుండ తిన్నాను" అన్నారు.

ఆయన మీసం శుభ్రంగా ఉంది. మూత తీయని డబ్బా ఇంకా నా బ్యాగులోనే ఉంది.